పూర్తి పికప్ కావాలంటే గేరు ఏ ఆర్పీఎం దగ్గర మార్చాలి?

నల్లరోడ్డు

అందరికీ నమస్తే. మూడేళ్లుగా మాన్యువల్ పెట్రోల్ కారు నడుపుతున్నాను. 1.2 లీటర్ ఇంజిన్, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేదు. బ్రోషర్ ప్రకారం 6000 ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 82 పీఎస్ పవర్, 4000 దగ్గర 115 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం). మీటర్‌లో ఎర్ర గీత (ఇంజిన్ దాటకూడని హద్దు) 6200 దగ్గర మొదలవుతుంది.

మొన్న రెండు వరసల రోడ్డు మీద ఒక లారీని దాటబోయాను. ఎదురుగా చాలా దూరంలో ఒక కారు కనిపిస్తోంది, బోలెడు టైముంది అనుకున్నాను. స్పీడు 60, నాలుగో గేరు. పక్కకు తీసి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే చప్పుడు మారింది తప్ప బండి కదలలేదు. గాభరాగా మూడుకు తగ్గించాను. అప్పుడు లాగింది. ముల్లు 3500 దాటగానే ఇంజిన్ గట్టిగా అరుస్తున్నట్టు అనిపించి, మళ్లీ నాలుగు వేసేశాను. ఆ క్షణంలో బండి చచ్చుబడిపోయింది. నేను సరిగ్గా లారీ క్యాబిన్ పక్కన ఉన్నాను. ఎదుటి కారు లైట్లు కొడుతోంది. బ్రేకు తొక్కి మళ్లీ లారీ వెనక్కి వచ్చి చేరాను. చేతులు పది నిమిషాలదాకా వణుకుతూనే ఉన్నాయి.

డ్రైవింగ్ నేర్పినాయన 2500 దగ్గర మార్చమన్నారు. ఒక ఫ్రెండ్ టార్క్ ఎక్కడ ఎక్కువో అక్కడ, అంటే 4000 దగ్గర మార్చమంటాడు. ఇంకొకడు ఎర్ర గీత దాకా లాగమంటాడు. మైలేజీ సంగతి పక్కన పెట్టండి. బండి అత్యంత త్వరగా స్పీడు అందుకోవాలంటే గేరు ఎప్పుడు మార్చాలి?

---

మూడోగేరు

మీ ఫ్రెండ్ చెప్పిందే కరెక్ట్, 4000. ఆ తర్వాత టార్క్ పడిపోతుంది. పడిపోయేదాన్ని పట్టుకుని లాగితే చప్పుడు తప్ప ఏమీ రాదు. ఎనిమిదేళ్లుగా నేను ఇలాగే నడుపుతున్నాను. ఇంకో పద్ధతి కూడా ఉంది. పవర్ గీత, టార్క్ గీత ఉన్న గ్రాఫ్ దొరికితే ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో అక్కడ మార్చడమే.

---

పాతస్పానర్

నల్లరోడ్డు తమ్ముడూ, ముందుగా ఒక మాట. లారీ పక్కన ఉండగా ఆశ వదులుకుని వెనక్కి వచ్చావు చూడు, అది మంచి పని. చాలామంది అక్కడ మొండికేస్తారు.

ఇక నీ ప్రశ్న. మూడోగేరు గారు చెప్పింది ఎక్కువమంది నమ్మేదే, కానీ అందులో ఒక సంగతి తప్పిపోయింది. రోడ్డును నెట్టేది ఇంజిన్ కాదు, చక్రం. ఇంజిన్ ఇచ్చే టార్క్ చక్రానికి చేరేలోపు గేరుబాక్సులో కొన్ని రెట్లు పెరుగుతుంది. చిన్న గేరులో ఎక్కువ రెట్లు, పెద్ద గేరులో తక్కువ రెట్లు. నువ్వు గేరు పెంచిన ప్రతిసారీ ఆ రెట్లలో కొంత పోగొట్టుకుంటున్నావు. గేర్లున్న సైకిల్ తొక్కినవాళ్లకి ఇది కాళ్లకే తెలుస్తుంది. వెనక చక్రం దగ్గర పెద్ద పళ్లచక్రం నుంచి చిన్నదానికి చైను మార్చగానే పెడల్ ఒక్కసారిగా బరువెక్కుతుంది కదా.

అందుకని "ఈ గేరులో టార్క్ తగ్గుతోందా" అన్నది చూడాల్సిన విషయం కాదు. "ఇప్పుడు పై గేరు వేస్తే చక్రం దగ్గర లాగుడు ఇప్పటికంటే ఎక్కువ ఉంటుందా, తక్కువ ఉంటుందా" అని చూడాలి. తక్కువ ఉండేటట్టయితే ఎందుకు మార్చడం?

---

లెక్కలబండి

పాతస్పానర్ గారి మాటకు అంకెలు కడతాను. నల్లరోడ్డు గారూ, మీ బండి గేర్ రేషియోలు (ఏ గేరులో ఎన్ని రెట్లో చెప్పే అంకెలు) మాన్యువల్ పుస్తకం చివర్లో ఉంటాయి, ఒకసారి ఇక్కడ పెట్టగలరా?

---

నల్లరోడ్డు

ఇప్పుడే చూశాను. మొదటిది 3.5, రెండు 1.9, మూడు 1.3, నాలుగు 0.95, ఐదు 0.76. ఫైనల్ డ్రైవ్ (గేరుబాక్సు తర్వాత, చక్రాలకు ముందుండే చివరి గేరు) 4.1. టైరు ఒక చుట్టు తిరిగితే 1.9 మీటర్లు (దారం చుట్టి కొలిచాను).

---

లెక్కలబండి

దారం చుట్టి కొలిచినందుకు థ్యాంక్స్, దాంతో లెక్క చాలా సుఖమైంది.

గేరు మార్చిన క్షణంలో బండి స్పీడు ఇంచుమించు అంతే ఉంటుంది, ఆర్పీఎం మాత్రం రేషియోల నిష్పత్తిలో పడుతుంది. మీరు రెండులో 4000 దగ్గర ఉండి మూడు వేశారనుకోండి. 4000ని 1.3తో గుణించి 1.9తో భాగిస్తే 2737 వస్తుంది. ముల్లు అక్కడికి దిగుతుంది.

ఇప్పుడు చక్రం దగ్గర ఏం జరిగిందో చూద్దాం. ఫైనల్ డ్రైవ్ అన్ని గేర్లకీ ఒకటే కాబట్టి పోలికలో దాన్ని వదిలేయొచ్చు. రెండో గేరులో 4000 దగ్గర 115 ఇంటూ 1.9, అంటే 218. మూడో గేరులో 2737 దగ్గర ఇలాంటి ఇంజిన్ ఇచ్చేది సుమారు 108 ఎన్ఎం. ఇంటూ 1.3 అంటే 140. టార్క్ పీక్ (అన్నిటికంటే ఎక్కువుండే చోటు) దగ్గర గేరు మార్చి మీరు మూడో వంతుకు పైగా లాగుడు చేజేతులా వదిలేశారు.

మరి 6000 దాకా ఆగితే? అక్కడ 82 పీఎస్ అంటే టార్క్ 96 ఎన్ఎం. పీఎస్‌ని 7024తో గుణించి ఆర్పీఎంతో భాగిస్తే ఎన్ఎం వస్తుంది, ఎవరైనా సరిచూసుకోవచ్చు. రెండో గేరులో 96 ఇంటూ 1.9 అంటే 182. అప్పుడు మూడు వేస్తే ముల్లు 4105కి దిగుతుంది, సరిగ్గా టార్క్ పీక్ మీదికి. అయినా 115 ఇంటూ 1.3 అంటే 150 మాత్రమే. తగ్గిపోయిందనుకున్న 96, నిండుగా ఉన్న 115ని కొట్టేసింది, గేరు అండ ఉంది కాబట్టి.

మిగతా గేర్లలోనూ ఇదే వరస. మొదటి గేరులో 6000 దగ్గర 336, అక్కడ రెండు వేస్తే 212. మూడులో 125, నాలుగు వేస్తే 108. నాలుగులో 91, ఐదు వేస్తే 84. పైకి పోయేకొద్దీ తేడా సన్నబడుతోంది చూడండి, ఎందుకంటే పై గేర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. కానీ ఎక్కడా తిరగబడలేదు. అంటే మీ బండిలో పూర్తి పికప్ కావాలంటే ఏ గేరులోనైనా ఎర్ర గీత దాకా లాగాల్సిందే.

---

మూడోగేరు

లెక్క చూశాను, తప్పు పట్టడానికి లేదు. కానీ నా అనుభవం ఒకటుంది. రెండో గేరులో 4000 దగ్గర వీపు సీటుకు బాగా అతుక్కుంటుంది. 5000 దాటాక ఆ నెట్టుడు తగ్గుతుంది. ఇది నా భ్రమ కాదు. మరి బండి అక్కడే బాగా లాగుతోందనేగా అర్థం?

---

పాతస్పానర్

భ్రమ కాదండీ, మీ వీపు నిజమే చెబుతోంది. ఒకే గేరులో ఉన్నంతసేపూ నెట్టుడు టార్క్ గీత వెంటే నడుస్తుంది. 4000 దగ్గర అన్నిటికంటే ఎక్కువ, తర్వాత కొంచెం కొంచెంగా తగ్గుతుంది. కాకపోతే మీ వీపు పోల్చేది ఒక్క క్షణం కిందటి నెట్టుడుతో. మూడో గేరు వేస్తే ఎంతుండేదో దానికి తెలియదు. 218 నుంచి 182కి తగ్గడం తెలుస్తుంది, మార్చి ఉంటే 140కి పడిపోయేదన్న సంగతి తెలియదు.

---

లెక్కలబండి

గీతలు కలిసే చోటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మాట చాలా చోట్ల తిరుగుతోంది. పవర్ అంటే టార్క్‌ని ఆర్పీఎంతో గుణించి ఒక స్థిరసంఖ్యతో భాగించడం. హార్స్‌పవర్, పౌండ్-ఫుట్ కొలతల్లో ఆ సంఖ్య 5252. కాబట్టి ఆ రెండు కొలతల్ని ఒకే స్కేలు మీద గీస్తే, ఏ ఇంజిన్ గ్రాఫైనా 5252 ఆర్పీఎం దగ్గరే కలుస్తుంది. ట్రాక్టర్‌దైనా, రేసు కారుదైనా. అదే పీఎస్, ఎన్ఎం పెట్టి గీస్తే కలిసేది 7024 దగ్గర, మీ ఇంజిన్ అంత దూరం తిరగనే తిరగదు. కొలత మారితే జరిగిపోయే బిందువు గేరు ఎక్కడ మార్చాలో ఎలా చెబుతుంది? గుర్తుపెట్టుకోవడానికి తేలికైన సూత్రం వేరే ఉంది. ఒక స్పీడులో ఏ గేరు వేస్తే ఇంజిన్ నుంచి ఎక్కువ పవర్ వస్తుందో, ఆ స్పీడుకు అదే బలమైన గేరు. చక్రం దగ్గర టార్క్ పోల్చినా, ఇంజిన్ దగ్గర పవర్ పోల్చినా జవాబు ఒక్కటే.

---

మూడోగేరు

సరే, అర్థమైంది. 5252 సంగతి నిజంగా తెలియదు. రేపటి నుంచి చూస్తాను.

---

డీజిల్_ప్రాణం

అన్నా, ఇదంతా పెట్రోల్ కథ. నాది 75 పీఎస్ టర్బో డీజిల్. 4000 దగ్గర పవర్, 2000 దగ్గర 190 ఎన్ఎం. ఎర్ర గీత దాకా లాగి చూశాను, 4500 దగ్గర బండి కొట్టుకుంటుందే గానీ కదలదు. ఎర్ర గీతే జవాబు అంటే నేను ఒప్పుకోను.

---

లెక్కలబండి

ఒప్పుకోకండి, మీరన్నదే నిజం. పద్ధతి ఒకటే, మీ ఇంజిన్‌కి జవాబు వేరుగా వస్తుంది. మీ టార్క్ గ్రాఫ్ ఉందా? గేర్లు పై బండివే అనుకుని లెక్కేస్తాను.

---

డీజిల్_ప్రాణం

ఒకసారి డైనో (ఇంజిన్ బలం కొలిచే యంత్రం) మీద పెట్టించాను. 2400 దాకా 190, 2900 దగ్గర 170, 3300 దగ్గర 155, 4000 దగ్గర 132, 4500 దగ్గర 100.

---

లెక్కలబండి

బాగుంది. మూడులో 4500 దగ్గర 100 ఇంటూ 1.3, అంటే 130. అక్కడ నాలుగు వేస్తే ముల్లు 3290కి వస్తుంది, 155 ఇంటూ 0.95 అంటే 147. ఇక్కడ పై గేరే గెలిచింది, అంటే మీరు అప్పటికే ఆలస్యం చేశారు. అదే 4000 దగ్గరైతే మూడులో 172, నాలుగులో 162. కింది గేరుదే పైచేయి. ఈ రెండింటి నడుమ 4200 దగ్గర రెండూ సమానమవుతాయి. మీరు మూడు నుంచి నాలుగుకు మార్చాల్సింది అక్కడే.

ఒకటి నుంచి రెండుకు మాత్రం లెక్క మారుతుంది. 3.5కి, 1.9కి మధ్య దూరం ఎక్కువ కాబట్టి 4400 దాటేదాకా మొదటి గేరే బలంగా ఉంటుంది. ఒకే ఇంజిన్‌కి అన్ని గేర్లలో ఒకే ఆర్పీఎం ఉండాలని లేదు. రేషియోలు దగ్గరయ్యేకొద్దీ మార్చే చోటు కాస్త ముందుకొస్తుంది. ఇంకోటి గమనించండి. 4200 అంటే పవర్ పీక్ దాటిన 200 తర్వాత. ఇంజిన్ ఏదైనా, మార్చాల్సిన చోటు పవర్ పీక్‌కి కాస్త అవతలే పడుతుంది. పీక్‌కి ఇవతల మార్చితే ఎప్పుడూ నష్టమే.

---

డీజిల్_ప్రాణం

4200! నేను ఇన్నాళ్లూ 2500 దగ్గర మార్చేవాణ్ణి, డీజిల్ అంటే కిందే బలం అని. మూడు వేయగానే ఒక సెకను బండి ఆలోచిస్తున్నట్టు ఉండేది.

---

పాతస్పానర్

అది టర్బో ఊపిరి అందకపోవడం. రెండులో 2500 దగ్గర మూడు వేస్తే ముల్లు 1700కి పడుతుంది. చాలా చిన్న డీజిళ్లలో అక్కడ టర్బోకి తగినంత పొగ వేగం ఉండదు, గాలి ఒత్తిడి మళ్లీ పెరిగేదాకా ఆగాలి. గేరు మార్చాక ముల్లు ఎక్కడ పడుతుందో అదే టర్బో బండికి ప్రాణం. అది 2000కి తగ్గకుండా చూసుకో. మామూలుగా నడిపేటప్పుడు కూడా ఈ ఒక్కటీ గుర్తుంటే చాలు, బండి నీరసపడదు.

---

వెన్నెల_డ్రైవ్

నమస్తే. మా బండిలో ఆర్పీఎం మీటరే లేదు. ఈ చర్చంతా చదివాక నాకు దారేమిటా అనిపించింది. చెవితో తెలుసుకోవడం సాధ్యమా? ఇంకో సందేహం. డాష్‌బోర్డు మీద పై గేరు వేయమని ఒక బాణం గుర్తు వస్తుంది, 40 దాటేసరికే నాలుగు వేయమంటుంది. దాన్ని నమ్మొచ్చా?

---

లెక్కలబండి

వెన్నెల గారూ, ఆ బాణం ఇంధనం ఆదా కోసం. దాని పని అది సరిగ్గానే చేస్తుంది, కానీ లారీని దాటేటప్పుడు దానివైపు చూడకండి.

మీటర్ లేకపోయినా స్పీడోమీటర్ ఉంది కదా, అదే చాలు. ఆర్పీఎంని టైరు చుట్టుకొలతతో, 60తో గుణించి, గేరు రేషియో, ఫైనల్ డ్రైవ్, 1000తో భాగిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. నల్లరోడ్డు గారి బండికి 6000 దగ్గర ఒకటిలో 48, రెండులో 88, మూడులో 128. మీ బండికి కూడా ఇలా మూడు అంకెలు కట్టి ఒక చిన్న స్టిక్కర్ మీద రాసి మీటర్ పక్కన అంటించుకోండి. కొన్ని పాత కార్లలో కంపెనీవాళ్లే స్పీడోమీటర్ మీద ప్రతి గేరు హద్దు దగ్గర చిన్న గుర్తు పెట్టేవారు. స్పీడోమీటర్ సాధారణంగా అసలు స్పీడు కంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది కాబట్టి ఇంజిన్‌కి ప్రమాదం లేదు, ఓ రెండు మూడు కిలోమీటర్లు ముందే మారుస్తారంతే.

---

పాతస్పానర్

చెవి గురించి నేను చెబుతానమ్మా. చప్పుడు ఎంత పెద్దగా ఉంది అన్నది చూడొద్దు. కొత్తవాళ్లు అక్కడే భయపడతారు, 3500కే ఇంజిన్ విరిగిపోతుందేమో అనుకుంటారు. ఆ చప్పుడులో స్వరం ఎంత వేగంగా పైకెక్కుతోందో వినండి. బండి బాగా లాగుతున్నంతసేపూ స్వరం చకచకా ఎక్కుతూ ఉంటుంది. ఎక్కడం మందగించి, ఒకచోట సాగదీసినట్టు నిలబడిందంటే ఆ గేరులో పని అయిపోయింది, మార్చేయండి. డీజిల్‌లో ఇది స్పష్టంగా తెలుస్తుంది. పెట్రోల్‌లో స్వరం ఎర్ర గీత దాకా ఎక్కుతూనే ఉంటుంది.

---

సర్క్యూట్_17

ఆలస్యంగా చూశాను. ట్రాక్ మీద తరచూ నడుపుతాను కాబట్టి చేతులు, కాళ్ల సంగతి నేను చెబుతాను. సరైన ఆర్పీఎం తెలిసినా మార్చే తీరు సరిగ్గా లేకపోతే సంపాదించిందంతా అక్కడే పోతుంది. గేరు మారే సమయంలో చక్రానికి ఇంజిన్ నుంచి ఏమీ అందదు. అరసెకను పట్టిందనుకోండి, 60 స్పీడులో 8 మీటర్లు ఊరికే దొర్లినట్టు. ఎన్ని తక్కువసార్లు మారిస్తే అంత లాభం.

చేయి చివరి క్షణంలో వెళ్లకూడదు. ఎర్ర గీతకి 500 ముందే అరచేయి గేరు రాడ్ మీద ఉండాలి, పిడికిలి బిగించకుండా. రెండు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు అరచేతిని తెరిచి ముందుకు తోస్తే చాలు, మధ్యలో స్ప్రింగే రాడ్‌ని మూడో గేరు వరుసలోకి తెస్తుంది. గట్టిగా పట్టుకుని మెలిపెడితేనే తప్పు గేరు పడుతుంది. క్లచ్ అడుగుదాకా తొక్కడం, యాక్సిలరేటర్ వదలడం ఒకేసారి జరగాలి. గేరు పడగానే క్లచ్‌ని సాఫీగా, నాన్చకుండా వదిలి యాక్సిలరేటర్ మళ్లీ పూర్తిగా తొక్కాలి. యాక్సిలరేటర్ వదలకుండా గేరు మార్చే వీడియోలు చూసి ప్రయత్నించకండి. క్లచ్ ప్లేటు, సింక్రో రింగులు (గేర్లు సాఫీగా కలిసేలా చేసేవి) రెండూ అరిగిపోతాయి.

ఎర్ర గీత దాటితే కంప్యూటర్ ఇంధనం ఆపేస్తుంది, దాన్నే కటాఫ్ అంటాం. ఇంజిన్ దడదడలాడుతూ స్పీడు ఆగిపోతుంది. ఓవర్‌టేక్ మధ్యలో అది వస్తే గాభరా పుడుతుంది. అందుకే నేను కటాఫ్‌కి 200 ముందే మారుస్తాను. ఆ 200లో వచ్చే లాభం కటాఫ్ తగిలితే జరిగే నష్టం ముందు ఏపాటిది?

---

వెన్నెల_డ్రైవ్

కటాఫ్ ఉంది కదా, మరి పొరపాటు చేసినా ఇంజిన్‌కి ఏమీ కాదా?

---

సర్క్యూట్_17

ఇది అందరూ చదవాల్సిన ప్రశ్న. కటాఫ్ ఆపగలిగేది మీరు యాక్సిలరేటర్ తొక్కినందువల్ల వచ్చే వేగాన్నే. గేరు తప్పుగా వేస్తే ఇంజిన్‌ని తిప్పేది ఇంధనం కాదు, చక్రాలు. దాన్ని ఏ కంప్యూటరూ ఆపలేదు. ఉదాహరణకి ఈ బండిలోనే మూడులో 128 దగ్గర నాలుగు వేయబోయి చేయి జారి రెండు పడిందనుకోండి. క్లచ్ వదలగానే ముల్లు 8700 దాటుతుంది. వాల్వులు స్ప్రింగుల మాట వినవు, పిస్టన్‌కి తగులుతాయి. ఒక్క సెకనులో ఇంజిన్ పోతుంది. నా కళ్ల ముందే ఒకరికి జరిగింది. చప్పుడు పెద్దగా ఏమీ రాలేదు, టిన్ను డబ్బాలో రాళ్లు ఆడించినట్టు ఒక గలగల, ఆ తర్వాత నిశ్శబ్దం.

మూడు నుంచి నాలుగుకు రాడ్‌ని నేరుగా వెనక్కి లాగండి, ఎడమవైపు వంచకండి.

---

నల్లరోడ్డు

ఇన్ని తెలుసుకుంటానని అనుకోలేదు. ఒక భయం మాత్రం ఇంకా ఉంది. 6000 దాకా లాగితే ఇంజిన్ త్వరగా అరిగిపోదా? మా ఇంట్లో అందరూ అదే అంటారు.

---

పాతస్పానర్

రోజంతా అలా నడిపితే అరుగుతుంది. అవసరమైనప్పుడు పది సెకన్లు లాగితే ఏమీ కాదు. ఎర్ర గీత ఎక్కడ పెట్టాలో ఆ ఇంజిన్ తయారుచేసినవాళ్లు చూసే పెట్టారు. నేను విప్పిన ఇంజిన్లలో చెడగొట్టినవి వేరే. ఒకటి, ఆయిల్ వేడెక్కకముందే గట్టిగా లాగడం. మీటర్‌లో నీళ్ల వేడి ముల్లు మధ్యకు రాగానే అంతా సిద్ధమనుకుంటారు. ఆయిల్ వేడెక్కడానికి ఇంకా కొన్ని నిమిషాలు పడుతుంది. రెండు, ఆయిల్ తగ్గిపోయినా చూసుకోకపోవడం. మూడు, ఐదో గేరులో 1300 దగ్గర పూర్తిగా తొక్కి ఎత్తు ఎక్కించడం. బండంతా ఊగుతుంది చూడు, ఆ ఊపు బేరింగుల మీద పడుతుంది. ఇంజిన్ మీద దయతో పెద్ద గేరులో ఉంచామనుకుంటారు, నిజానికి దాన్ని కొడుతున్నారు.

నీ లారీ దగ్గర జరిగింది ఇదే కోవలోది. నాలుగో గేరులో 60 అంటే దాదాపు 2000 ఆర్పీఎం. అక్కడ నీ ఇంజిన్ దగ్గర 30 పీఎస్ కూడా లేదు. కొన్నది 82 పీఎస్ బండి, లారీ పక్కకు తీసుకెళ్లింది 30 పీఎస్ బండి.

---

సర్క్యూట్_17

దీనికి ఒక్కటి కలపాలి. ఓవర్‌టేక్‌కి గేరు ఎంచుకునేటప్పుడు మొదట్లో ఏది బాగా లాగుతుందని మాత్రమే చూడకండి, ఆ గేరులోనే పని పూర్తవుతుందా అని చూడండి. ఈ బండి రెండులో 90 దాకా వెళ్తుంది. 55లో పోతున్న లారీని 60 నుంచి మొదలుపెట్టి దాటాలంటే రెండు చక్కగా సరిపోతుంది. అదే 75లో పోతున్న బస్సుని దాటాలంటే రెండు వేస్తే సరిగ్గా బస్సు పక్కన ఉండగా మార్చాల్సి వస్తుంది. అక్కడ మూడే మేలు. గేరు తగ్గించే పని లారీ వెనక ఉన్నప్పుడే అయిపోవాలి. పక్కకు తీశాక కాదు.

ఇక మొదటి గేరు. ఆగి ఉన్న చోటు నుంచి పూర్తిగా తొక్కితే ముందు చక్రాల బండి టైర్లు జారతాయి, ఎందుకంటే బరువు వెనక్కి పోతుంది. అక్కడ పట్టు దొరికినంతే తొక్కాలి. ఆర్పీఎం లెక్కలన్నీ టైరు రోడ్డుని పట్టుకున్నాకే.

---

డీజిల్_ప్రాణం

మా అన్నయ్య సీవీటీ బండిలో పూర్తిగా తొక్కితే ఇంజిన్ ఒకే స్వరంలో అరుస్తూ ఉంటుంది, స్పీడు మాత్రం పెరుగుతుంది. పాడైందేమో అనుకున్నాం ఒకప్పుడు. ఇప్పుడు అర్థమైంది. దానికి గేర్లు మెట్లుగా లేవు కాబట్టి ఇంజిన్‌ని తీసుకెళ్లి పవర్ పీక్ దగ్గరే కూర్చోబెడుతోంది. మనం గేరు రాడ్‌తో చేయాలని చూసేది కూడా అదే కదా.

---

లెక్కలబండి

అచ్చంగా అదే.

---

నల్లరోడ్డు

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. ఒక ట్రాక్ డేకి వెళ్లి కొలిచాను. ఓబీడీ ప్లగ్ (కారు కంప్యూటర్ నుంచి అంకెలు చదివే చిన్న పరికరం) పెట్టి, ఫోన్ యాప్‌లో స్పీడు రికార్డు చేస్తూ, 60 నుంచి 80 దాకా ఒక్కో గేరులో పూర్తిగా తొక్కి చూశాను. రోడ్డు వాలు తేడా రాకుండా అటు ఒకసారి, ఇటు ఒకసారి. రెండో గేరులో 3.1 సెకన్లు. మూడో గేరులో 4.4. నాలుగో గేరులో 6.9.

రెండుకి, నాలుగుకి 3.8 సెకన్ల తేడా. 70 స్పీడులో ఆ 3.8 సెకన్లలో నేను 74 మీటర్లు పోతాను. ఎదుటి కారు కూడా అదే స్పీడులో వస్తుంటే మా మధ్య దూరం దాదాపు 150 మీటర్లు తరిగిపోతుంది. ఆ రోజు లైట్లు కొట్టిన కారు గుర్తొచ్చి కాగితం మీద ఆ అంకె కింద గీత గీశాను.

మొదటిసారి రెండో గేరులో 5500 దాటుతుంటే కాలు దానంతటదే పైకి లేచింది. రెండోసారి ఆపుకున్నాను. మూడోసారికి ఆ స్వరం చెవికి అలవాటైంది. పాతస్పానర్ గారు చెప్పినట్టు అది ఎక్కుతూనే ఉంది, ఎక్కడా సాగలేదు.

నిన్న అదే రోడ్డు, వేరే లారీ. 60లో లారీ వెనకే కాస్త దూరం ఉంచి, రెండు వేసి, ముల్లు 4100 దగ్గర నిలబడ్డాక ముందు చూశాను. ఒక బైకు వస్తోంది. దాన్ని పోనిచ్చాను. రోడ్డు ఖాళీ అయ్యాక పక్కకు తీసి తొక్కాను. అద్దంలో లారీ ముఖం మొత్తం కనిపించేసరికి ఇంకా రెండో గేరులోనే ఉన్నాను, ముల్లు 5800. వరసలోకి వచ్చాక తీరిగ్గా నాలుగు వేశాను.

---

పాతస్పానర్

బైకుని పోనిచ్చావు చూడు తమ్ముడూ, అది నాకు బాగా నచ్చింది. వచ్చే సర్వీసులో క్లచ్ ఫ్రీ ప్లే (పెడల్ మొదట్లో ఖాళీగా కదిలే దూరం) ఒకసారి చూపించుకో. ఇప్పుడు గేర్లు ఎక్కువగా మారుస్తున్నావు కదా, అడుగుదాకా తొక్కినప్పుడు పూర్తిగా విడిపోతోందో లేదో తెలియాలి.